పనిచేసే కరెంటు, తిరిగివచ్చే కరెంటు
పవర్ ఫ్యాక్టర్ అంటే ఏమిటి? చిన్న దీవికి అది ఎందుకంత ముఖ్యం?

అండమాన్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ పక్కన మిన్నీ బే అనే ప్రాంతం ఉంది. 2024 సెప్టెంబరులో ఈ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగే. అందుకని అక్కడి వీధుల్లో తెలుగు మాట వినబడితే ఆశ్చర్యపోనక్కరలేదు.

మిన్నీ బేలో ఒక ఇంట్లో స్విచ్చి వేశారనుకోండి. దీపం వెలుగుతుంది. మన ఊళ్ళోనూ వెలుగుతుంది. కాని రెండింటికీ ఒక పెద్ద తేడా ఉంది. మన ఊరి తీగ రాష్ట్రం గ్రిడ్‌కు, దాని ద్వారా దేశం మొత్తం గ్రిడ్‌కు కలిసి ఉంటుంది. ఒక కేంద్రం ఆగితే ఇంకొక కేంద్రం ఆదుకుంటుంది. అండమాన్‌కు ఆ సదుపాయం లేదు. విశాఖపట్నం, చెన్నై రేవుల నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం. అంత దూరం కరెంటు తీగ రాలేదు. ఏ దీవికి కావలసిన విద్యుత్తును ఆ దీవిలోనే తయారుచేసుకోవాలి. ఆ విద్యుత్తులో ఎక్కువ భాగం నేటికీ డీజిల్ ఇంజన్ల నుంచే వస్తోంది. డీజిల్ ఓడల్లో రావాలి. అందుకే అక్కడ ఒక యూనిట్ తయారీకి అయ్యే ఖర్చు, వినియోగదారులు చెల్లించే ధరకన్నా చాలా ఎక్కువ.

ఇలాంటి చోట ఇంజనీరు ప్రతిరోజూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. జనం ఎంత విద్యుత్తు వాడుకుంటున్నారు? దాని కోసం నా జనరేటర్లు, తీగలు ఎంత కరెంటు మోయవలసి వస్తోంది? ఈ రెండూ ఒకటే అనుకుంటాం. ఒకటి కావు. వాటి మధ్య ఉన్న నిష్పత్తి పేరే పవర్ ఫ్యాక్టర్. తెలుగులో సామర్థ్య గుణకం అనవచ్చు.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే?

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని మీరు హైస్కూలులో చదువుకున్నారు. బ్యాటరీకి కట్టిన బల్బు విషయంలో అది పూర్తిగా నిజం. ఇస్త్రీ పెట్టె, హీటరు, పాతకాలపు ఫిలమెంటు బల్బు విషయంలో కూడా నిజమే.

కాని పాత ట్యూబులైటును తీసుకోండి. లోపల రాగి తీగ చుట్టిన బరువైన చోక్ ఉండే 40 వాట్ల ట్యూబు అది. దానికి 230 వోల్టులు ఇచ్చి అమ్మీటరు పెడితే సుమారు 0.43 ఆంపియర్లు చూపిస్తుంది. గుణించండి. దాదాపు 99 వచ్చింది కదా? అదే ట్యూబుకు వాట్‌మీటరు పెట్టి చూస్తే, ట్యూబు 40 వాట్లు, చోక్ వేడెక్కడానికి మరొక 12 వాట్లు, మొత్తం 52 వాట్లకు మించదు. మిగిలిన 47 ఏమైనట్టు?

మీటర్లు రెండూ సరిగ్గానే ఉన్నాయి. అవి కొలిచే సంగతులే వేరు. వాట్‌మీటరు చూపించిన 52 నిజ సామర్థ్యం. వెలుగుగానో, వేడిగానో, చలనంగానో మారిపోయేది ఇదే. దీన్ని వాట్లలో చెబుతాం. వోల్టులను ఆంపియర్లతో గుణించగా వచ్చిన 99 దృశ్య సామర్థ్యం. అంటే పైకి కనిపించే సామర్థ్యం. దీన్ని వాట్లు అనరాదు, వోల్ట్-ఆంపియర్లు అనాలి. క్లుప్తంగా వి.ఎ. అంటారు. వెయ్యి వి.ఎ.లు ఒక కె.వి.ఎ.

నిజ సామర్థ్యాన్ని దృశ్య సామర్థ్యంతో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్ వస్తుంది. మన ట్యూబులైటుకు 52ను 99తో భాగిస్తే సుమారు 0.53. ఇస్త్రీ పెట్టెకు అది 1. పవర్ ఫ్యాక్టర్ ఎప్పుడూ 1కి మించదు.

కాలువ గట్టున తాడు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తరువాత గోదావరి డెల్టా కాలువలు పొలాలకు నీరివ్వడమే కాదు, పడవలకు బాటలు కూడా అయ్యాయి. గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. పడవ కాలువ మధ్యలో ఉంటుంది, లాగేవాడు గట్టున ఉంటాడు. కనుక తాడు కొంత వాలుగా ఉండక తప్పదు.

లాగేవాడు పెట్టిన బలమంతా పడవను ముందుకు నడపదు. అందులో కొంత భాగం పడవను గట్టువైపు ఈడుస్తుంది. దాన్ని చుక్కాని కాచుకోవాలి. తాడు ఎంత పొడుగ్గా ఉంటే కోణం అంత చిన్నదవుతుంది, బలం అంత బాగా ఉపయోగపడుతుంది. తాడుకూ కాలువకూ మధ్య ఉన్న కోణం తెలిస్తే దాని కొసైన్ విలువను బలంతో గుణించాలి. ముందుకు నడిపే బలం అదే.

పవర్ ఫ్యాక్టర్ కూడా ఒక కోణం కొసైనే. తాడు మోసే మొత్తం బలం దృశ్య సామర్థ్యం లాంటిది. పడవను ముందుకు నడిపే భాగం నిజ సామర్థ్యం. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. తాడు తెగేది ముందుకు లాగే భాగాన్ని బట్టి కాదు, మొత్తం బలాన్ని బట్టి. విద్యుత్ తీగ వేడెక్కేది కూడా వాట్లను బట్టి కాదు, అందులో పారే మొత్తం కరెంటును బట్టి.

అయితే విద్యుత్తులో ఈ కోణం ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు వోల్టేజి, వెనుక కరెంటు

మన ఇళ్ళకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు. సెకనుకు 50 ఆవర్తనాలు. అంటే ఒక్కొక్క ఆవర్తనానికి 20 మిల్లీసెకన్లు. ఈ 20 మిల్లీసెకన్లలో వోల్టేజి సున్నా నుంచి పెరిగి, గరిష్ఠానికి చేరి, తగ్గి, దిశ మార్చుకొని, మళ్ళీ సున్నాకు వస్తుంది.

ఇస్త్రీ పెట్టెలో కరెంటు వోల్టేజితో అడుగులో అడుగు వేసి నడుస్తుంది. రెండూ ఒకేసారి పెరుగుతాయి, ఒకేసారి తగ్గుతాయి, ఒకేసారి దిశ మారతాయి. మోటారు, ట్రాన్స్‌ఫార్మర్, చోక్ అలా కాదు. వీటిలో ఇనుప గుండు మీద చుట్టిన తీగచుట్ట ఉంటుంది. తీగచుట్టలో కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కరెంటు మారబోతే ఆ క్షేత్రం మార్పును అడ్డుకుంటుంది. అందువల్ల కరెంటు వెంటనే పెరగలేక వెనకబడుతుంది. ఏమాత్రం నిరోధం లేని శుద్ధమైన తీగచుట్టలో కరెంటు, వోల్టేజికన్నా పావు ఆవర్తనం, అంటే 5 మిల్లీసెకన్లు వెనక ఉంటుంది. మొత్తం ఆవర్తనాన్ని 360 డిగ్రీలు అనుకుంటే ఇది 90 డిగ్రీలు. ఈ వెనకబాటునే దశాభేదం అంటారు. మనం వెతుకుతున్న కోణం ఇదే.

వెనకబడితే ఏమవుతుంది? పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉన్న మోటారును చూడండి. దానిలో కరెంటు సుమారు 2 మిల్లీసెకన్లు వెనక నడుస్తుంది. కనుక ప్రతి ఆవర్తనంలో రెండుసార్లు, ఒక్కొక్కసారి 2 మిల్లీసెకన్ల పాటు, వోల్టేజి ఒక దిశలో, కరెంటు ఎదురు దిశలో ఉంటాయి. ఒకటి ధనం, ఒకటి రుణం. లబ్ధం రుణం. అంటే ఆ కొద్ది సేపు మోటారు విద్యుత్తు తీసుకోవడం లేదు, తిరిగి ఇస్తోంది! అయస్కాంత క్షేత్రంలో దాచుకున్న శక్తిని తీగలోకి వెనక్కి పంపుతోంది. మరుక్షణం మళ్ళీ అడిగి తీసుకుంటుంది.

మిన్నీ బేలో సముద్రపు పోటుపాటులను తలచుకోండి. రోజుకు రెండుసార్లు నీరు లోపలికి వస్తుంది, రెండుసార్లు తిరిగి పోతుంది. రోజు చివర లెక్కచూస్తే ఒడ్డున మిగిలిన నీరేమీ లేదు. అయినా అంత నీరూ పాయలో అటూ ఇటూ పారింది కదా! అలాగే మోటారుకూ జనరేటరుకూ మధ్య కొంత శక్తి సెకనుకు వందసార్లు వెళ్ళి వందసార్లు తిరిగివస్తుంది. దీన్ని రియాక్టివ్ పవర్ అంటారు. వి.ఎ.ఆర్.లలోనూ, వెయ్యి చొప్పున అయితే కె.వి.ఎ.ఆర్.లలోనూ కొలుస్తారు.

దీన్ని ఉత్త దుబారా అనుకోవద్దు. అయస్కాంత క్షేత్రం లేనిదే మోటారు తిరగదు. ట్రాన్స్‌ఫార్మర్ పనిచెయ్యదు. రియాక్టివ్ పవర్ మోటారుకు అవసరమే. దాన్ని ఎంత దూరం నుంచి తేవాలి అన్నదే అసలు ప్రశ్న.

పైథాగరస్ ఇక్కడ కూడా

ఒక లంబకోణ త్రిభుజం గీయండి. అడ్డంగా ఉన్న భుజం నిజ సామర్థ్యం, 80 కిలోవాట్లు. నిలువు భుజం రియాక్టివ్ పవర్, 60 కె.వి.ఎ.ఆర్. కర్ణం ఎంత? 80 వర్గం 6400, 60 వర్గం 3600, కలిపితే 10,000. దాని వర్గమూలం 100. అంటే దృశ్య సామర్థ్యం 100 కె.వి.ఎ. 80కీ 60కీ మొత్తం 140 కదా అని కూడితే తప్పు. ఆ రెండూ లంబంగా ఉన్న రాశులు. పవర్ ఫ్యాక్టర్ 80ని 100తో భాగించగా వచ్చిన 0.8.

ఇంటర్మీడియట్‌లో సంకీర్ణ సంఖ్యలు చదివేటప్పుడు, మైనస్ ఒకటికి వర్గమూలం ఎందుకు పనికివస్తుందని మీకు అనుమానం వచ్చి ఉండవచ్చు. చార్లెస్ స్టెయిన్‌మెట్జ్ అనే ఇంజనీరు 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సభలో దానికి గొప్ప ఉపయోగం చూపించాడు. ఏకాంతర విద్యుత్తు లెక్కల్లో వోల్టేజిని, కరెంటును సంకీర్ణ సంఖ్యలుగా రాసుకుంటే, అంతవరకు పుటలకొద్దీ సాగిన లెక్కలు మామూలు బీజగణితంలోకి వచ్చేశాయి. మన త్రిభుజం ఆ లెక్కకు బొమ్మే.

నష్టం ఎక్కడ?

తిరిగివచ్చే శక్తే కదా, నష్టమేమిటి అని మీరు అడగవచ్చు. నష్టం రెండు చోట్ల ఉంది.

మొదటిది తీగలో. జంగ్లీఘాట్ చేపల రేవుకు దగ్గరలో, చేపలు చెడిపోకుండా ఐసు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ ఉందనుకుందాం. దాని కంప్రెసర్ మోటార్లు 40 కిలోవాట్లు తీసుకుంటాయి. సరఫరా 415 వోల్టుల మూడు ఫేజులు. పవర్ ఫ్యాక్టర్ 0.7 మాత్రమే ఉంది. 40ని 0.7తో భాగిస్తే దృశ్య సామర్థ్యం సుమారు 57 కె.వి.ఎ. ఒక్కొక్క ఫేజు తీగలో సుమారు 79.5 ఆంపియర్లు పారతాయి. అదే పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కు తెచ్చామనుకోండి. దృశ్య సామర్థ్యం 42 కె.వి.ఎ., కరెంటు 58.6 ఆంపియర్లు. తయారయ్యే ఐసు మాత్రం అంతే!

తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని జౌల్ నియమం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫ్యాక్టరీ వరకు ఒక్కొక్క తీగ నిరోధం 0.1 ఓమ్ అనుకుంటే, మొదటి సందర్భంలో మూడు తీగల్లో వృథా అయ్యేది సుమారు 1,900 వాట్లు. రెండవ సందర్భంలో 1,030 వాట్లు. తేడా సుమారు 870 వాట్లు. రోజుకు పది గంటలు నడిస్తే దాదాపు 9 యూనిట్లు. డీజిల్ జనరేటరు లీటరుకు సుమారు మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు ఇస్తుంది. అంటే ఒక్క ఫ్యాక్టరీ, ఒక్క తీగ ముక్కలోనే రోజుకు రెండు లీటర్లకు పైగా డీజిల్ వట్టి వేడి కింద పోతోంది. ఊరంతటికీ లెక్కవేసి చూడండి. పైగా కరెంటు ఎక్కువైతే తీగ చివర వోల్టేజి పడిపోతుంది. తీగ చివరన ఉన్న ఇళ్ళలో దీపాలు మసకబారతాయి, ఫ్రిజ్‌ల మోటార్లు వేడెక్కుతాయి.

రెండవ నష్టం జనరేటరులో. డీజిల్ జనరేటరులో రెండు యంత్రాలు ఉంటాయి. ఇంజన్ ఒకటి, అది తిప్పే ఆల్టర్నేటర్ ఒకటి. ఇంజన్ ఇవ్వగలిగింది కిలోవాట్లలో ఉంటుంది. ఎందుకంటే డీజిల్ మండి పనిగా మారేది నిజ సామర్థ్యమే. ఆల్టర్నేటర్ మోయగలిగింది కె.వి.ఎ.లలో ఉంటుంది. ఎందుకంటే దాని తీగచుట్టలు వేడెక్కేది మొత్తం కరెంటు వల్ల. సాధారణంగా పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటుందని అనుకొని ఈ రెండింటినీ జతచేస్తారు. 1,000 కె.వి.ఎ. సెట్టుకు 800 కిలోవాట్ల ఇంజన్ అన్న మాట.

ఇప్పుడు ఊరి పవర్ ఫ్యాక్టర్ 0.7కు పడిపోయిందనుకోండి. ఆల్టర్నేటర్ తన 1,000 కె.వి.ఎ. నిండుగా మోస్తోంది. అయినా జనానికి అందేది 700 కిలోవాట్లే. ఇంజన్‌లో ఇంకా 100 కిలోవాట్ల సత్తా మిగిలి ఉంది, కాని వాడుకోవడానికి వీల్లేదు. ఇంకొంచెం విద్యుత్తు కావాలంటే మరొక సెట్టును నడపాలి. రెండు సెట్లూ సగం సగం బరువుతో నడుస్తాయి. తక్కువ బరువుతో నడిచే డీజిల్ ఇంజన్‌కు యూనిట్‌కు ఖర్చయ్యే డీజిల్ ఎక్కువ.

పోర్ట్ బ్లెయిర్ రేవుకు అవతలి ఒడ్డున బంబూఫ్లాట్ ఉంది. అక్కడ హైదరాబాద్‌కు చెందిన సూర్యచక్ర పవర్ కార్పొరేషన్ 2003లో 20 మెగావాట్ల డీజిల్ కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటి 5 మెగావాట్ల చొప్పున నాలుగు యంత్రాలు. అలాంటి ఒక 5 మెగావాట్ల ఇంజన్‌కు 0.8 లెక్కన జతచేసే ఆల్టర్నేటర్ 6.25 ఎం.వి.ఎ. ఉండాలి. పవర్ ఫ్యాక్టర్ 0.7 అయితే నాలుగు యంత్రాలూ కలిసి ఇవ్వగలిగింది 20 మెగావాట్లు కాదు, పదిహేడున్నర మాత్రమే. పెద్ద గ్రిడ్‌లో రెండున్నర మెగావాట్లు ఒక లెక్కలోకి రావు. దీవిలో అది ఒక పేట చీకటి.

మందు పక్కనే పెట్టాలి

ఈ జబ్బుకు మందు కెపాసిటర్. కెపాసిటర్ స్వభావం తీగచుట్టకు సరిగ్గా తలకిందులు. దానిలో కరెంటు వోల్టేజికన్నా ముందు నడుస్తుంది. మోటారు అయస్కాంత క్షేత్రం కోసం శక్తిని అడిగే క్షణంలోనే కెపాసిటర్ తనలోని శక్తిని వదులుతుంది. మోటారు తిరిగి ఇచ్చే క్షణంలో కెపాసిటర్ దాన్ని దాచుకుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడాలు ఆ రెండింటి మధ్యే జరిగిపోతాయి. పవర్‌హౌస్ దాకా వెళ్ళే పని ఉండదు.

మన ఐసు ఫ్యాక్టరీలో పవర్ ఫ్యాక్టర్ 0.7 ఉన్నప్పుడు రియాక్టివ్ పవర్ సుమారు 41 కె.వి.ఎ.ఆర్. 0.95 ఉన్నప్పుడు 13. కనుక 28 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్లు పెడితే చాలు. వాటిని మోటారుకు ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది. కెపాసిటరు నుంచి పవర్‌హౌస్ వైపున్న తీగకే ఊరట. కెపాసిటరుకూ మోటారుకూ మధ్యనున్న తీగ మునుపటి కరెంటునే మోస్తుంది.

ఈ సంగతి తెలుగు రైతులకు కొత్తదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004లో ప్రకటించారు. ఆ తరువాత ఏడాది దానికి కొన్ని షరతులు పెట్టారు. ఐ.ఎస్.ఐ. గుర్తున్న పంపు, రాపిడి తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు, తగిన ప్లాస్టిక్ పైపులు, వీటితోపాటు మోటారుకు కెపాసిటర్. 5 హెచ్.పి. మోటారుకు సుమారు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ సరిపోతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇరవై బోర్లు ఉన్నప్పుడు అందరూ కెపాసిటర్లు పెట్టుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా నడుస్తుంది, చివరి బోరుకు కూడా తగినంత వోల్టేజి అందుతుంది. ఒక్కరే పెట్టుకుంటే వచ్చే ఫలం కొంచెమే. ఇది పదిమంది కలిసి చేస్తేనే ఫలించే పని.

మోటారు ఎంపిక కూడా ముఖ్యమే. 5 హెచ్.పి. చాలినచోట 10 హెచ్.పి. మోటారు పెడితే అయస్కాంత క్షేత్రానికి కావలసినదంతా కావలసిందే, పని మాత్రం తక్కువ. పవర్ ఫ్యాక్టర్ బాగా పడిపోతుంది.

మందు మోతాదు మించినా ప్రమాదమే. రాత్రి మోటార్లన్నీ ఆపేసి కెపాసిటర్లను అలాగే వదిలేస్తే కరెంటు ఇప్పుడు వోల్టేజికన్నా ముందు నడుస్తుంది. వోల్టేజి అవసరానికి మించి పెరుగుతుంది. చిన్న జనరేటర్లకు దాన్ని అదుపులో ఉంచడం కష్టం. అందుకే ఫ్యాక్టరీల్లో అవసరాన్ని బట్టి కెపాసిటర్లను కలిపే, విడదీసే ఆటోమేటిక్ ప్యానెళ్ళు పెడతారు.

సూర్యుడు వచ్చాక

డీజిల్ ఖర్చు తగ్గించడానికి పోర్ట్ బ్లెయిర్ పరిసరాల్లో సౌర కేంద్రాలు వచ్చాయి. 2013లో గారాచర్మలో ఎన్.టి.పి.సి. 5 మెగావాట్ల కేంద్రం నెలకొల్పింది. 2020 నాటికి ఎన్.ఎల్.సి. సంస్థ 20 మెగావాట్ల సౌర కేంద్రాలనూ, 8 మెగావాట్-అవర్ల బ్యాటరీనీ సిద్ధం చేసింది. ఇక డీజిల్ జనరేటర్లకు విశ్రాంతే అనిపిస్తుంది. ఇక్కడే పవర్ ఫ్యాక్టర్ ఒక చిత్రమైన చిక్కు తెస్తుంది.

మన త్రిభుజాన్నే మళ్ళీ తీసుకుందాం. ఊరికి 80 కిలోవాట్లు, 60 కె.వి.ఎ.ఆర్. కావాలి. మధ్యాహ్నం సౌర పలకలు 35 కిలోవాట్లు ఇచ్చాయి. వాటి ఇన్వర్టర్లు నిజ సామర్థ్యం మాత్రమే ఇచ్చేటట్టు అమర్చారనుకోండి. డీజిల్ జనరేటరు ఇవ్వవలసింది 45 కిలోవాట్లకు తగ్గింది. కాని 60 కె.వి.ఎ.ఆర్. మొత్తం దాని నెత్తినే ఉంది. 45 వర్గం 2025, 60 వర్గం 3600, కలిపితే 5625. వర్గమూలం 75. నిజ సామర్థ్యం దాదాపు సగానికి తగ్గినా, ఆల్టర్నేటర్ బరువు 100 నుంచి 75కే దిగింది. దాని పవర్ ఫ్యాక్టర్ 0.8 నుంచి 0.6కు పడింది! ఊళ్ళో ఎవరి మోటారూ మారలేదు. సూర్యుడు పైకి వచ్చాడు, అంతే.

అందుకే చిన్న గ్రిడ్‌లో సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ రియాక్టివ్ పవర్ సంగతి కూడా చూసుకోవాలి. నేటి ఇన్వర్టర్లను తగిన విధంగా అమరిస్తే అవి కూడా రియాక్టివ్ పవర్ ఇవ్వగలవు. సబ్‌స్టేషన్లలో కెపాసిటర్లు ఉండనే ఉన్నాయి.

ఎల్.ఇ.డి. బల్బుల సంగతి

చోక్ ట్యూబులు పోయి ఎల్.ఇ.డి.లు వచ్చాయి కదా, ఇక బాధ లేదా? వాట్లు బాగా తగ్గాయి, అది పెద్ద లాభమే. కాని చవకరకం ఎల్.ఇ.డి. బల్బుల్లో పవర్ ఫ్యాక్టర్ 0.5 దగ్గర ఉండవచ్చు. 9 వాట్ల బల్బు తీగకు 18 వి.ఎ. బరువన్న మాట. కారణం మాత్రం వేరు. ఇక్కడ కరెంటు వెనకబడటం లేదు. బల్బులోని చిన్న సర్క్యూట్ వోల్టేజి గరిష్ఠానికి వచ్చినప్పుడే కరెంటును గుటుక్కున మింగి, మిగతా సమయంలో ఊరుకుంటుంది. నున్నని అల బదులు ముళ్ళలాంటి కరెంటు పారుతుంది. ఇలాంటి వికృతమైన తరంగానికి బయట కెపాసిటర్ పెట్టినా ఉపయోగం ఉండదు. బల్బులోనే మంచి సర్క్యూట్ ఉండాలి. కనుక కొనేటప్పుడు పెట్టె మీద వాట్లతోపాటు పవర్ ఫ్యాక్టర్ కూడా చూడండి. 0.9 పైన ఉంటే మంచిది.

'పవర్ సేవర్' పెట్టెలు నమ్మవచ్చా?

ప్లగ్గులో పెడితే చాలు, కరెంటు బిల్లు 30, 40 శాతం తగ్గుతుందని చెప్పి చిన్న పెట్టెలు అమ్ముతుంటారు. ఇప్పటివరకు చదివినదాన్ని బట్టి మీరే తీర్పు చెప్పవచ్చు. వాటిలో చాలావరకు ఉండేది ఒక చిన్న కెపాసిటర్. అది మీటరు గుండా పారే కరెంటును కొంత తగ్గించవచ్చు. అమ్మేవాడు అమ్మీటరు పెట్టి చూపించేది కూడా అదే. చూసినవారు నిజమే అనుకుంటారు. కాని ఇంటి మీటరు లెక్కించేది ఆంపియర్లను కాదు, నిజ సామర్థ్యాన్ని. యూనిట్ అంటే ఒక కిలోవాట్-అవర్. అటూ ఇటూ తిరిగే రియాక్టివ్ పవర్‌కు ఇంటి మీటరులో ధర లేదు. లేని ఖర్చును ఎవరు తగ్గించగలరు?

పెద్ద ఫ్యాక్టరీల విషయం వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హెచ్.టి. వినియోగదారులకు కె.వి.ఎ.-అవర్ల లెక్కన బిల్లు వేస్తారు. పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే 80 యూనిట్ల పనికి 100 యూనిట్ల ధర కట్టాలి. అక్కడ కెపాసిటర్ నిజంగా డబ్బు మిగులుస్తుంది. ఒకచోట నిజమైన సంగతిని మరొకచోటికి తెచ్చి చెప్పడం వల్లే ఇలాంటి పెట్టెలు అమ్ముడవుతున్నాయి.

మీరే చూడండి

ఈసారి ఏదైనా ఫంక్షన్ హాలుకు వెళ్ళినప్పుడు బయట ఉన్న జనరేటరు మీది పలకను దూరం నుంచే చదవండి. కె.వి.ఎ. ఎంతో, పవర్ ఫ్యాక్టర్ ఎంతో రాసి ఉంటుంది. రెండింటినీ గుణించి, ఇంజన్ ఎన్ని కిలోవాట్లు ఇవ్వాలో చెప్పండి. తరువాత మీ ఇంటి నీళ్ళ మోటారు మీది పలక చూడండి. వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. వాటిని గుణిస్తే వి.ఎ. వస్తుంది. హెచ్.పి. కూడా ఉంటుంది. ఒక హెచ్.పి. 746 వాట్లు. అయితే అది మోటారు ఇచ్చే యాంత్రిక సామర్థ్యం. మోటారు లోపలి నష్టాల వల్ల అది తీసుకునే వాట్లు ఇంకొంచెం ఎక్కువ ఉంటాయి. లెక్కవేసేటప్పుడు ఇది మరచిపోకండి. ప్లగ్గుకూ పరికరానికీ మధ్య పెట్టే చిన్న డిజిటల్ మీటరు మీ కాలేజీలో దొరికితే వాట్లు, వోల్టులు, ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ నేరుగా చదవవచ్చు. ఇస్త్రీ పెట్టె, ఫ్యాను, ఎల్.ఇ.డి. బల్బు, సెల్‌ఫోన్ ఛార్జరు వరుసగా పెట్టి పట్టిక రాయండి.

ఒక్క హెచ్చరిక. మోటారు పెట్టెను గాని, కెపాసిటరును గాని విప్పకండి. స్విచ్చి ఆపిన తరువాత కూడా కెపాసిటర్‌లో ప్రమాదకరమైన ఆవేశం మిగిలి ఉండవచ్చు.

మీ పట్టికలో ఒక్కొక్క పరికరం దగ్గర రెండు అంకెలు ఉంటాయి. వాట్లు మీ బిల్లులో కనిపిస్తాయి. వోల్ట్-ఆంపియర్లు బిల్లులో కనిపించవు, కాని వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ వాటిని మోస్తూనే ఉంటుంది. పెద్ద గ్రిడ్‌లో ఆ బరువు ఎవరి కంటా పడకుండా కలిసిపోతుంది. మిన్నీ బే లాంటి చోట మాత్రం అది ఓడలో వచ్చే డీజిల్ పీపాల లెక్కలో తేలుతుంది.